ఆదివారం సభ ఆపేసి వాట్సాప్ గ్రూపుతో సరిపెట్టుకుందామా?

తెనాలి_చదువరి (ఆదివారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి పోవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి సలహా కావాలి.

తెనాలిలో మాకో చిన్న చదువరుల బృందం ఉంది. 2009 నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక గ్రంథాలయం మేడమీది గదిలో కూర్చుంటాం. ఒకరు పుస్తకం గురించి చెబుతారు, మిగతావాళ్లు ఒప్పుకోరు, ఆరింటికి టీ తాగి ఇళ్లకి పోతాం. అదే మా రాజ్యాంగం. ఒకప్పుడు పాతికమంది వచ్చేవాళ్లు. ఇవాళ ఆరుగురం. అందులో ఒకాయన వాన పడుతోందని లోపలికొచ్చినాయన.

వాట్సాప్ గ్రూపులో మాత్రం 212 మంది. 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. అప్పుడు జూమ్‌లోనూ పెట్టాం, నలభై నిమిషాలకోసారి తెగిపోతుంటే కొత్త లింకు పంపుకుంటూ. డాలస్ నుంచి వచ్చారు, మేడమెట్లు ఎక్కలేక మానేసిన పెద్దవాళ్లు వచ్చారు. అదే మా స్వర్ణయుగం అంటారు మా కార్యదర్శి గారు. ఈ ప్రతిపాదనా ఆయనదే: గది అద్దె, టీ ఖర్చు దండగ, సభ ఆపేసి అంతా గ్రూపులోనే నడుపుదాం. వచ్చే నెల చేతులెత్తించి తేలుస్తారట.

నేను గ్రూపు వెనక్కి జరుపుకుంటూ లెక్క వేశాను. పోయిన నెలలో నోరు విప్పింది 14 మంది. ఐదుగురివి పువ్వుల మీద శుభోదయాలు. పుస్తకం ఊసెత్తింది నలుగురు. ఇక్కడ ఆరుగురం, అక్కడ నలుగురు. ఇందులో ఏది బతికున్నట్టో మీరే చెప్పండి.

---

మూడోగేటు (ఆదివారం, రాత్రి 10.15)

సార్, నేను నిజాంపేటలో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి రెండేళ్లు సెక్రటరీగా చేసి బతికి బయటపడ్డవాణ్ణి. గ్రూపులో రాత్రి పదకొండింటికి "ముందు మీ మెయింటెనెన్స్ బాకీ కట్టి మాట్లాడండి" అని నన్ను కడిగేసిన పెద్దమనిషి, పొద్దున్నే లిఫ్టులో కనపడి "పిల్లాడికి జ్వరం తగ్గిందా అండీ" అన్నాడు. అదే మనిషి! ఏ మనిషి నిజం అని నేను రెండు అంతస్తులు ఆలోచించాను, ఈలోగా ఆయన ఫ్లోరు వచ్చేసింది.

తర్వాత ఒక రూలు పెట్టాం. ఏ గొడవైనా గ్రూపులో మూడు మెసేజులు దాటితే వాచ్‌మన్ గది ముందున్న బెంచీ దగ్గరికి రావాలి. పార్కింగు గొడవ నాలుగు నెలలు గ్రూపులో నలిగి, బెంచీ మీద పావుగంటలో తేలింది. ఎదురుగా కూర్చుంటే మనిషికి కొంచెం సిగ్గుంటుంది, అంతే.

అలాగని బెంచీనే గొప్పదంటే ఒప్పుకోను. జనరల్ బాడీకి పిలిస్తే వచ్చేది తొమ్మిది మంది. నీళ్ల ట్యాంకరు రావట్లేదని గ్రూపులో పెడితే ఐదు నిమిషాల్లో 84 ఇళ్లకీ తెలుస్తుంది.

---

పాతకాపు (సోమవారం, తెల్లవారుజాము 5.20)

న్యూజెర్సీ నుంచి. ఈ ప్రశ్న నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

1990లలో యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికలో 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అని ఒక చోటు ఉండేది. స్కిట్ అనేవాళ్లం. తెలుగు లిపి తెరమీదకి వచ్చేది కాదు. రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లం. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. ల్యాబులో నా పక్కన కూర్చున్న చైనా కుర్రాడు అది చూసి ఏదో కొత్త ప్రోగ్రామింగ్ భాష అనుకున్నాడు. తర్వాత 'తెలుసా' అనే ఈమెయిల్ బృందం వచ్చింది, యాహూలో 'రచ్చబండ' గ్రూపు వచ్చింది. 1998లో ఈమాట పత్రిక మొదలైంది. ఒక పద్యపాదంలో యతి చెడిందా లేదా అని వారం రోజులు కొట్టుకున్నాం. మా ఊళ్లో ఉండిపోయుంటే నాతో ఆ గొడవ పడేవాడు ఒక్కడు కూడా దొరికేవాడు కాదు.

ఒకాయనతో మూడేళ్లు అలా కత్తులు దూసుకున్నాం. తానా సభల్లో మొదటిసారి కలిశాను. రాతలో పులి. మనిషి చూస్తే అందరికీ విస్తళ్లు అందిస్తూ, ఎవరికి పప్పు అందలేదో కనుక్కుంటూ తిరుగుతున్నాడు. ఆ రాత్రి హోటలు గదిలో తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. చాలా బాగుంది. ఆ తర్వాత మాత్రం ఆయన వ్యాసం మీద నేను ఒక్క గట్టి మాట రాయలేకపోయాను. ఆయనా అంతే. మొహమాటంలోనే మొహం ఉంది కదా! మూడోగేటు గారు సిగ్గు అన్నది దీన్నే. ఆయనకి అది గొడవ తీర్చింది, మాకు చర్చని చంపింది.

ఇంకొకటి. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడ్డాయి. అంతకు ఏడాది ముందే పాత ఉత్తరాలు తీసేస్తామని కబురొచ్చింది. నేను దించుకోవచ్చులే అనుకుంటూ బద్ధకించాను. ఎవరో కొందరు పుణ్యాత్ములు కొంత దాచారు. నావి పోయాయి. అది నా తప్పే. చదువరి గారూ, గ్రూపులోకి మారితే మినిట్స్ పుస్తకం మాత్రం కాగితం మీదే రాయించండి.

---

చెరువవతల (సోమవారం, ఉదయం 8.05)

రచ్చబండ అనే పేరు మీద నాకు ఎప్పట్నించో ఒక సందేహం. యాహూ గ్రూపుకి ఆ పేరే. తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే పేజీకీ ఆ పేరే. మా ఊళ్లో రచ్చబండ మీద మా తాత ఎన్నడూ కూర్చోలేదు. కింద నిలబడేవాడు, పిలిస్తే. హోటల్లో గ్లాసు వేరు. చెరువు గట్టున మనుషులు కలుసుకునేవారు, ఆ రోజులే వేరు అని ఎవరైనా మొదలెడితే నాకు కారంచేడు గుర్తొస్తుంది. 1985లో అక్కడ దళితుల ఊచకోత మొదలైంది చెరువు దగ్గరే, తాగేనీళ్ల చెరువును పాడుచేయొద్దన్నందుకే.

నేను 2007 ప్రాంతంలో బ్లాగు రాయడం మొదలుపెట్టాను, ఇంటిపేరు లేకుండా. 'మీరు ఏ ఊరు, ఎవరి తాలూకు' అని అడగకుండా నా రాత చదివిన మొదటి జనం వాళ్లే. మూడేళ్ల తర్వాత ఒక సమావేశంలో కలిశాం. కాఫీ తాగుతూ ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు: "ఇంతకీ మీ ఇంటిపేరు?" చెప్పాను. ఆయనేమీ అనలేదు. తర్వాత నా పోస్టుల కింద ఆయన వ్యాఖ్యలు తగ్గాయి. మానేయలేదు, తగ్గాయి. అంతే జరిగింది.

అందుకే, మొహాలు చూసుకుంటే మనుషులు మంచివాళ్లవుతారు అన్న లెక్క నాకు పూర్తిగా కుదరదు.

---

పాతకాపు (సోమవారం, ఉదయం 8.50)

చెరువవతల గారూ, ఆ పేరు పెట్టుకున్నప్పుడు మాలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదన్నది నిజం. రాకపోవడానికి మాలో ఎవరెవరం ఉన్నామన్నదే కారణం అయ్యుంటుంది. ఆ రోజుల్లో అమెరికాలో ఇంటర్నెట్ ముందు కూర్చున్న తెలుగువాడు ఎక్కణ్ణించి వచ్చుంటాడో చెప్పక్కర్లేదు. తెర మీద ఇంటిపేరు కనపడకపోయినా, ఆ తెర దాకా ఎవరు రాగలిగారన్న జల్లెడ ముందే పట్టేసి ఉంది.

---

చెరువవతల (సోమవారం, ఉదయం 9.10)

ఆ మాట మీరే అన్నందుకు సంతోషం. ఇప్పుడా జల్లెడ కొంచెం వదులైంది. తిట్లు ఎక్కువయ్యాయి, అది వేరే కథ.

---

కిటికీ_పక్క (సోమవారం, రాత్రి 10.35)

చదువరి గారూ, ఒక చిన్న ప్రశ్న. ఆదివారం సాయంత్రం నాలుగింటికి సభ అని పెట్టింది ఎవరు? ఏ ఆడమనిషిని అడిగి పెట్టారు?

నేను రాజమండ్రిలో టీచర్ని. ఆదివారం నాలుగంటే అత్తయ్యకి కాఫీ, దోసెలపిండి రుబ్బుకోవడం, యూనిఫాంల ఇస్త్రీ, పిల్లల ప్రాజెక్టు చార్టులు. అయినా ఒకసారి మా ఊళ్లో సాహిత్య సభకి వెళ్లాను. ఇరవై రెండు మంది మగవాళ్లు, ఇద్దరం ఆడవాళ్లం. ఆవిడ చేత ప్రార్థనగీతం పాడించారు. నా చేత అతిథిగారికి బొకే ఇప్పించారు. ఆ పుస్తకం రెండుసార్లు చదివి, గుర్తులు పెట్టుకుని వెళ్లాను నేను. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు మేం 31 మంది ఆడవాళ్లం ఒక గ్రూపులో ఉన్నాం. రాత్రి పదింటికి, వంటిల్లు కడిగేశాక మొదలవుతుంది. మాలో నేను కళ్లారా చూసింది నలుగురినే. కానీ నా నెలసరి ఆగిన సంగతి మా అక్క కంటే ముందు వాళ్లకి తెలుసు. దాన్ని 'ఉత్త ఆన్‌లైన్' అంటే నాకు కోపం వస్తుంది.

అలాగని బయట ఫేస్‌బుక్‌లో అంతా బాగుందనీ అనను. కవిత పెడితే దాని కింద రెండు మంచి మాటలు, ఇన్‌బాక్సులో అర్ధరాత్రి పన్నెండుకి 'హాయ్ డియర్, తిన్నావా'. అందుకే గ్రూపుకి తలుపు వేసుకున్నాం.

---

జగిత్యాల_షార్జా (మంగళవారం, తెల్లవారుజాము 1.10)

అన్నా, మీయి పుస్తకాల ముచ్చట్లు, నాయి వేరే. అయినా చెప్త.

క్యాంపుల ఒక్క రూముల ఎనిమిది మందిమి. మంచం మీద మంచం. డ్యూటీకెల్లి అచ్చి ఎవడి ఇయర్‌ఫోన్ వాడు పెట్టుకుంటడు. పక్క మంచపోడు అన్నం తిన్నడో లేదో తెల్వది గని, ఊర్లె మా బర్రె ఈనిందని ఫోటో అచ్చింది. గిది మొఖాముఖి అంటారా, ఆన్‌లైన్ అంటారా?

మా మండలం గల్ఫ్ గ్రూపు ఒకటుంది. పోయిన ఏడు పక్క ఊరి మనిషి గుండెపోటుతోని పోయిండు. శవం ఇంటికి పోవాల్నంటే మాటలు గాదు. దవాఖాన కాయితం, డెత్ సర్టిఫికెట్, కాన్సులేట్ల పాస్‌పోర్టు రద్దు చేయించాలె, ఎన్‌ఓసీ తేవాలె, శవానికి మందు వెట్టిన సర్టిఫికెట్, కంపెనీ లెక్క, విమానం బుకింగు. గ్రూపుల అడిగితే ఒకడు కాన్సులేటుకు పోయిండు, ఒకడు కంపెనోనితోని మాట్లాడిండు. ఇంటికాడ ఒక పోరడు ఆ తల్లి సంతకం తీస్కొని ఫోటో కొట్టి పంపిండు. ఇంకొకడు శంషాబాద్‌ల బండి తయారు వెట్టిండు. ఆళ్లల్ల ఇద్దరు ఇప్పటిదాంక ఒకల్నొకలు సూడలే.

గని ఆ రాత్రి సచ్చిపోయినోని మంచం కాడ కూసున్నది మాత్రం రూమోళ్లే. ఆని అంగీలు మడతవెట్టి పెట్టెల వెట్టింది గూడ ఆళ్లే. ఇయర్‌ఫోన్లు తీసి కూసున్నరు.

---

సోషియాలజీ_బ్యాక్‌బెంచ్ (మంగళవారం, ఉదయం 11.00)

జగిత్యాల అన్న చెప్పింది మాకు ఎంఏలో పాఠం. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ 1973లో 'బలహీన బంధాల బలం' అని రాశాడు. బోస్టన్ దగ్గర న్యూటన్‌లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం మారినవాళ్లని ఒక ప్రశ్న అడిగాడు: కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? తరచూ అన్నవాళ్లు 16.7 శాతం. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6. ఎప్పుడో అరుదుగా అన్నవాళ్లు 27.8. రోజూ కలిసేవాడికి మనకి తెలిసిందే తెలుస్తుంది. కొత్త కబురు దూరంవాడి దగ్గరే ఉంటుంది.

కాన్సులేటు దారి తెలిసినవాడు గ్రూపులో ఉంటాడు, అంగీలు మడతపెట్టేవాడు గదిలో ఉంటాడు. చదువరి గారి 212 మందిలో మాట్లాడని 198 మందిని దండగ అనుకోకండి. వాళ్లు దూరపు చుట్టాలు, కొలువు కబురు మోసుకొచ్చే బాపతు. కాకపోతే వాళ్లతో ఆదివారం నడవదు.

---

పొదుపు_పద్దు (మంగళవారం, మధ్యాహ్నం 3.30)

అనంతపురం జిల్లా నుంచి. నేను పొదుపు సంఘాల లెక్కలు రాస్తాను. డ్వాక్రా అంటే అందరికీ తెలుసు కదా. పది పదిహేను మంది ఆడోళ్లు గుండ్రంగా కూర్చుంటారు. మాకు పంచసూత్రాలని ఉండాయి: క్రమంగా మీటింగు, క్రమంగా పొదుపు, లోపల్లోపల అప్పులిచ్చుకునేది, వాయిదా తప్పకుండా కట్టేది, పుస్తకాలు రాసేది. మొదటిదే మీటింగు, చూడండి. డబ్బు రెండోది.

కరోనాలో మీటింగు లేకుండా ఫోన్‌పేలో పొదుపు వేయించినాం. డబ్బు అంతా వచ్చింది. ఒక్క రూపాయి పోలేదు. మూడు నెలల తర్వాత గుండ్రంగా కూర్చుంటే తెలిసింది, ఒకామె బయట వడ్డీకి తెచ్చి మా పొదుపు కట్టిందని. ఫోన్‌లో 'చెల్లింపు పూర్తయింది' అని పచ్చగా కనపడతాండె. మీటింగులో అయితే ఆమె చెవులకి కమ్మలు లేవని మొదటి వారమే ఎవరో ఒకరు అడిగేసుందురు.

మా సంఘంలో మీటింగుకి రాకుంటే జరిమానా. పది రూపాయలే. దాని కోసం కాదు. జరిమానా రాయాలంటే రాలేదని చూడాల కదా, చూస్తే ఎందుకు రాలేదని ఎవరో ఒకరు ఇంటికి పోతారు. చదువరి సారూ, మీ గ్రూపులో ఎవరన్నా రాకపోతే మీకు తెలుస్తాదా?

---

రేపల్లె_ప్యాసింజర్ (మంగళవారం, రాత్రి 9.15)

పద్దు అక్క ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబు ఉంది. రెండేళ్లయినా ఎక్కడా రాయలేదు.

మాదొక పద్యాల గ్రూపు, 160 మంది. అందులో ఒక మాస్టారు ఉండేవారు. రోజుకో సమస్య ఇచ్చేవారు, మేం పూరించేవాళ్లం. ఒక వేసవిలో ఆగిపోయారు. గ్రూపులో ఒక గొడవ నడుస్తోంది అప్పుడు, దాంతో అలిగారేమో అనుకున్నాం. నేను విడిగా "మాస్టారూ, మీ సమస్యలు లేక వెలితిగా ఉంది" అని పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. అలకే అని ఖాయం చేసుకున్నాను. నేనూ అలిగాను. నాలుగు నెలలు.

దీపావళికి ఆయన నంబరు నుంచి ఒక మెసేజు వచ్చింది: "నేను వారి అబ్బాయిని. నాన్నగారు శ్రావణంలో పోయారు. మీ పద్యాలు బాగుంటాయి, నేను చదువుతున్నాను. గ్రూపులోంచి తీసేయకండి."

అన్ని నెలలూ ఆ టిక్కులు ఆ అబ్బాయివి. మాస్టారి ఇల్లు మా ఇంటికి పన్నెండు కిలోమీటర్లు.

---

మూడోగేటు (మంగళవారం, రాత్రి 9.40)

ఏం రాయాలో తెలియట్లేదు ప్యాసింజర్ గారూ.

---

తెనాలి_చదువరి (మంగళవారం, రాత్రి 10.20)

ఇది చదివాక నాకు తేలిపోయింది. పద్దు గారి ప్రశ్నే కొలత. గదిలో కుర్చీ ఖాళీగా ఉంటే కళ్లకి కనపడుతుంది. గ్రూపులో మౌనంగా ఉన్నవాడూ, లేనివాడూ ఒక్కలాగే ఉంటారు. మా సభలో ఒక పెద్దాయన రెండు నెలలు రాకపోతే వెళ్లి చూశాం, తుంటి విరిగి మంచంలో ఉన్నారు. ఆస్పత్రికి భోజనం వంతులేసుకుని తీసుకెళ్లాం. ఓటింగులో ఇదే చెబుతాను. అందరికీ ధన్యవాదాలు.

---

ఎడమచెవి (బుధవారం, ఉదయం 6.45)

చదువరి గారూ, ధన్యవాదాలు చెప్పి తలుపు వేసేముందు నా మాట కూడా వినండి. వినండి అన్నమాట నేను వాడటం నాకే నవ్వుగా ఉంది.

నాకు కుడిచెవి పూర్తిగా వినపడదు, ఎడమచెవికి యంత్రం. మీ సభకి 2016 నుంచి రెండేళ్లు వచ్చాను. కిటికీ వైపు రెండో వరసలో, నీలం సంచీతో కూర్చునేవాణ్ణి. మీ గదిలో పైన ఫ్యాను గరగరలాడుతుంది. గోడలు మోగుతాయి. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు అందుకుంటారు, అదే మీ సభకి అందం అని మీరంతా అనుకుంటారు. యంత్రంలో అదంతా సంతలో గోలలా వస్తుంది. నలుగురు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి ఎవరో చనిపోయిన సంగతి చెబుతుంటే కూడా నవ్వాను, ముందు మాట జోకు అనుకుని. ఆ రోజు నుంచి రాలేదు.

నా కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ ఇంటికి రాలేదు. ఆ పెద్దాయన మీకు పాతికేళ్ల స్నేహితుడు కాబట్టి వెళ్లారు. కనపడటం వేరు, చూడటం వేరు.

గ్రూపులో నేను ఉన్నాను. పుస్తకం గురించి మాట్లాడిన నలుగురిలో ఒకణ్ణి. అక్కడ నా మాటకి ఎవరి మాటా అడ్డం పడదు. గ్రూపు మీద మీరంతా జాలిపడుతుంటే అది నాకు ఉన్న ఒక్క గది అని గుర్తుచేద్దామనిపించింది.

---

తెనాలి_చదువరి (బుధవారం, ఉదయం 7.30)

నీలం సంచీ గుర్తుంది. బదిలీ అయిందేమో అనుకున్నాం. అనుకుని ఊరుకున్నాం. క్షమించండి.

మీ నంబరు గ్రూపులోనే ఉంది కదా, ఇవాళ సాయంత్రం ఇంటికి రావచ్చా?

---

ఎడమచెవి (బుధవారం, ఉదయం 7.41)

రండి. కాలింగ్ బెల్ వినపడదు, వచ్చాక మెసేజ్ పెట్టండి.

---

కాలవగట్టు (బుధవారం, సాయంత్రం 5.00)

మాది కొల్లూరు వైపు. ఇంత మాట్లాడారు గానీ మన కాలవ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. ప్రయాణికులూ, దారిలో రేవుల ఊళ్లవాళ్లూ పుస్తకం పుచ్చుకునేవారు. గ్రంథాలయానికి జనం రావట్లేదే అని కూర్చోలేదు, జనం రోజూ ఎక్కే పడవలోనే పుస్తకాలు పెట్టారు. మీది తెనాలే కదా, ఆ పడవకి పక్కూరివాళ్లు మీరు. మెట్లు ఎక్కలేరని తెలిసీ, నాలుగింటికి ఆడవాళ్లకి కుదరదని తెలియకా, అదే మేడ, అదే టైము పదిహేనేళ్లుగా పట్టుకుని, జనం రాలేదంటే ఎలాగండీ? గదా గ్రూపా అని కొట్టుకునే ముందు కిందికి దిగండి.

---

వికీ_కూలీ (బుధవారం, రాత్రి 8.10)

ఒక్క పనికొచ్చే మాట. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. హైదరాబాదులో రవీంద్రభారతిలో చాలాసార్లు కలుసుకున్నాం కూడా. కలిసినప్పుడు పనులు పరిగెడతాయి, అది నిజం. ఒక గంటలో నేర్పేది ఫోన్లో నెల పడుతుంది. కానీ కలిసినవాళ్లు కూడబలుక్కుని తేల్చేస్తే, రాలేనివాళ్లకి కడుపుమంట. అందుకే ఏం అనుకున్నామో రచ్చబండ పేజీలో పెట్టి, అక్కడ అడిగి, ఆ తర్వాతే చేయడం మంచిదని దెబ్బలు తిని నేర్చుకున్నాం. (చెరువవతల గారు అడిగిన పేరు సంగతి కూడా అక్కడే అడగాలని ఉంది.) మీ సభలో మాటలు రెండ్రోజుల్లో టైపు చేసి గ్రూపులో పెట్టండి. 'సభ విజయవంతమైంది' అని కాకుండా, ఎవరు ఏమన్నారు, ఎవరు కాదన్నారు అని.

---

నిర్వాహకుడు (గురువారం, ఉదయం 10.00)

అపార్ట్‌మెంటు పార్కింగు మీద వచ్చిన 11 వ్యాఖ్యలను వేరే చర్చకి మార్చాను. మూడోగేటు గారూ, మీ మూడు మెసేజుల రూలు ఇక్కడ మీకూ వర్తిస్తుంది.

---

తెనాలి_చదువరి (నెలన్నర తర్వాత, రెండో శనివారం, రాత్రి 8.30)

ఏం జరిగిందో మీకు చెప్పాలి కదా.

చేతులు ఎత్తే రోజున మేడమీది గదిలో ఎనిమిది మందిమి. అంతకు ముందు గ్రూపులో ఒకటే ప్రశ్న పెట్టాను: 'మీరు రావాలంటే ఏ రోజు, ఏ టైము, ఎక్కడ?' ఐదేళ్లలో ఒక్క మాట రాయని పేర్లు కొన్ని పైకి లేచాయి. పదిహేడు జవాబులు, పదకొండు ఆడవాళ్లవి. ఆదివారం అన్నవాళ్లు ఆ పదకొండులో ఒక్కరూ లేరు. రెండో శనివారం మధ్యాహ్నం రెండున్నర అన్నది ఎక్కువమంది మాట.

కార్యదర్శి గారు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం రెండున్నర నిద్ర టైము అన్నారు. ఆయనకే కాదు, నాకూ అంతే. చివరికి ఆరు నెలలు చూసి మళ్లీ చేతులెత్తుదాం అని తేలింది.

ఇవాళ మొదటిది. ఒక ప్రాథమిక పాఠశాల వరండాలో, నేల మీద చాపలు. తొమ్మిది మంది, అందులో ముగ్గురు ఆడవాళ్లు. ప్రార్థనగీతం లేదు, బొకే లేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోకూడదని రూలు పెట్టుకున్నాం, ఇరవై నిమిషాలు ఆగగలిగాం. ఎడమచెవి గారి కోసం మా అబ్బాయి ఫోన్లో మాటల్ని అక్షరాలుగా మార్చేది పెట్టాడు. అది 'వాడుక భాష' అన్నప్పుడల్లా 'వాడికి బాస్' అని రాసింది. గురజాడ గారు ఎవరికి బాస్ అయ్యారో తెలియక అందరం నవ్వాం. ఈసారి ఆయన తెర చూసి నవ్వారు.

పాతిక మంది రాలేదు. వస్తారని కూడా అనుకోవట్లేదు.

---

ఎడమచెవి (రాత్రి 8.55)

ఒక సవరణ. రూలు నిలబడింది పన్నెండు నిమిషాలు. నేను గడియారం చూశాను. చాపలు గోడకి ఇంకొంచెం దూరంగా వేస్తే బాగుంటుంది, మోత తగ్గుతుంది.

---

కిటికీ_పక్క (రాత్రి 10.40)

ముగ్గురిలో ఎవరైనా పుస్తకం గురించి మాట్లాడారా, చాపలు పరిచారా?

---

తెనాలి_చదువరి (రాత్రి 10.52)

చాపలు పరిచింది నేనూ, మా అబ్బాయి. పుస్తకం చెప్పింది వాళ్లలో ఒకావిడే. నలభై నిమిషాలు చెప్పారు, నేను రెండు చోట్ల ఒప్పుకోలేదు, ఆవిడ ఒక చోట నన్ను ఒప్పించారు.

---

రేపల్లె_ప్యాసింజర్ (రాత్రి 11.05)

వచ్చే నెల నేనూ వస్తాను. మాస్టారి అబ్బాయిని కూడా అడిగి చూస్తాను, ఆయన బండి మీదే రావాలి. టీ ఖర్చు ఎవరిది?

---

తెనాలి_చదువరి (రాత్రి 11.07)

కొత్తగా వచ్చినవాళ్లది. అదే మా రాజ్యాంగం.